అన్నం సయించడం లేదా? రక్తంతో పాటు కిడ్నీ పరీక్ష కూడా చేయించండి

రెండు ముద్దలు తినగానే చాలంటారు. చేపల పులుసు వాసన వస్తే మొహం తిప్పుకుంటారు. నిన్నటిదాకా ఇష్టంగా తిన్న చల్లన్నం, ఎండుచేప ఇప్పుడు నోటికి పోవు. ఇంట్లో వాళ్లం మొదట బతిమాలతాం. తర్వాత విసుక్కుంటాం. ఆ తర్వాత మందుల షాపుకెళ్లి ఆకలి పుట్టించే టానిక్కు ఒకటి తెస్తాం. నెల గడుస్తుంది, ఇంకో సీసా వస్తుంది. మనిషి మాత్రం చిక్కిపోతూనే ఉంటారు.

మీరు పలాసలోనో, టెక్కలిలోనో, కవిటి, సోంపేట వైపో ఉంటే దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మీ అమ్మానాన్నలు అక్కడుండి మీరు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తుంటే, ఫోన్‌లో ‘తిన్నావా నాన్నా?’ అని అడిగి ఊరుకోకండి. ‘ఎంత తిన్నావు? మునుపటిలా సయిస్తోందా?’ అని కూడా అడగండి. ఆకలి తగ్గడం వెనక రక్తహీనత ఉండొచ్చు. ఆ రక్తహీనత వెనక కిడ్నీ జబ్బు ఉండొచ్చు. ఈ రెండింటికీ వైద్యం ఒకటి కాదు. ఏది ముందుందో తెలియకుండా ఎన్ని టానిక్కులు తాగించినా ప్రయోజనం ఉండదు.

ఉద్దానంలో ఇప్పటిదాకా జరిగింది

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని కొబ్బరి, జీడితోటల ప్రాంతాన్నే ఉద్దానం అంటాం. 2019, 2020 సంవత్సరాల్లో వైద్య పత్రికల్లో వచ్చిన రెండు సర్వేలు ఇక్కడి పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని తేల్చాయి. వాళ్లలో చాలామందికి షుగర్ లేదు, బీపీ లేదు. నీళ్లలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం... అన్నిటి మీదా అనుమానాలున్నాయి. ఇదే కారణమని మాత్రం ఇంకా రుజువు కాలేదు.

ప్రభుత్వాలు ఊరికే కూర్చోలేదు. సోంపేట, పలాస, టెక్కలిలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10 వేల రూపాయల పింఛను వస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీటిని ఉద్దానం ఊళ్లకు తెచ్చే దాదాపు 700 కోట్ల రూపాయల పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు.

ఇవన్నీ అవసరమైనవే. కాకపోతే నీటి పథకం జబ్బు రాకముందు సంగతి. డయాలసిస్, పింఛను జబ్బు ముదిరాక సంగతి. మధ్యలో కొన్నేళ్ల కాలం ఉంటుంది. కిడ్నీ కొద్దికొద్దిగా దెబ్బతింటూ, రక్తం తగ్గుతూ, ఆకలి చచ్చిపోతూ, మనిషి ఇంకా పనికి వెళ్తూనే ఉండే కాలం అది. చేతనైనంత కాపాడుకోవాల్సింది అప్పుడే. ఆ రోజుల్లో మన కంటికి కనిపించేది క్రియాటినిన్ అంకె కాదు, కంచంలో మిగిలిపోయిన అన్నమే.

రక్తం తగ్గితే ఆకలి ఎందుకు తగ్గుతుంది?

దీనికి జవాబు ఎక్కువగా ప్రయోగశాలలోని జంతువుల నుంచి వచ్చింది. మనుషులకు కావాలని రక్తం తగ్గించి చూడలేం కదా.

ముందు ఒక వింత సంగతి. మన ఇళ్లలో కొందరు ఆడపిల్లలు, గర్భిణులు బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తింటుంటారు. కొందరు ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు కరకర నములుతారు. ‘అదేం చెడ్డ అలవాటు’ అని తిడతాం. 1970లో అమెరికా శాస్త్రవేత్తలు తెల్ల ఎలుకలకు కొంచెం కొంచెంగా రక్తం తీసి రక్తహీనత తెప్పించారు. అంతకుముందు మామూలుగా నీళ్లు తాగిన ఎలుకలు నీళ్లు మాని ఐసు వైపు మళ్లాయి. రక్తం కోలుకున్నాక మళ్లీ మామూలైపోయాయి. ఎలుకకు చెడ్డ అలవాటు నేర్పిన వాళ్లెవరూ లేరు. రక్తహీనత నోటి రుచినే మార్చేస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక తిండి సంగతి. ఇనుము లేని మేత పెట్టిన ఎలుక పిల్లలు తక్కువ తింటాయి, తక్కువ పెరుగుతాయి. తక్కువ తిన్నందుకే పెరగలేదా, ఇంకేమైనా ఉందా అని తేల్చడానికి శాస్త్రవేత్తలు ఒక పద్ధతి పాటిస్తారు. జబ్బు ఎలుక ఎంత తింటే, ఆరోగ్యంగా ఉన్న మరో ఎలుకకు సరిగ్గా అంతే మేత పెడతారు. రెండూ ఒకేలా చిక్కిపోతే తప్పు తిండిది. జబ్బు ఎలుక ఎక్కువ చిక్కిపోతే తిన్నది ఒంటికి పట్టడంలోనే లోపం ఉన్నట్టు. ఇలాంటి పోలికలు చూస్తే రక్తహీనతలో రెండు నష్టాలూ ఉన్నాయని తెలుస్తుంది. తినేది తగ్గుతుంది, తిన్నదీ సరిగా పట్టదు.

ఎందుకు పట్టదు? మన కణాల్లో ఆహారాన్ని శక్తిగా మార్చే చోట కూడా ఇనుము కావాలి. అది చాలనప్పుడు ఒళ్లు కొవ్వును సరిగా వాడుకోలేదు, చక్కెర మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 1980ల్లో కాలిఫోర్నియాలో ఎలుకల మీద జరిగిన పరిశోధన, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఇనుము తక్కువున్న ఎలుకలు గ్లూకోజును ఎక్కువగా వాడుతున్నాయని చూపింది. పచ్చికట్టెల పొయ్యిలా అన్నమాట. కట్టెలు ఖర్చవుతాయి, వేడి మాత్రం రాదు. ఆ వేడి విషయంలో కూడా ఇలాంటి ఎలుకలు వెనకబడ్డాయి. చలిలో పెడితే ఒంటి వేడిని నిలుపుకోలేకపోయాయి. ఇనుము తక్కువున్న మహిళల్లోనూ ఇదే లోపం ఉందని 1990లో ప్రచురితమైన అధ్యయనం ఒకటి చూపింది. ‘అందరికీ ఉక్కపోస్తుంటే అమ్మ దుప్పటి కప్పుకుంటుంది’ అని నవ్వుకునే ఇళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

రక్తం ఎక్కించినా నీరసం పోదెందుకు?

1976లో వచ్చిన మరో ప్రయోగం ఇంకా ముఖ్యమైనది. ఇనుము లోపించిన ఎలుకలకు రక్తమార్పిడితో హిమోగ్లోబిన్‌ను మామూలు స్థాయికి తెచ్చారు. అయినా అవి మిగతా ఎలుకల్లా పరుగెత్తలేకపోయాయి. ఇనుము ఇచ్చిన కొద్ది రోజుల్లోనే పరుగు అందుకున్నాయి. రక్తంలో అంకె బాగుపడినంత మాత్రాన కండరాల్లోని లోటు తీరదని దీనర్థం.

మనకు దీంతో పనేముంది? హిమోగ్లోబిన్ 12 దాటిందని చెప్పగానే చాలామంది మాత్రలు ఆపేస్తారు. అంకె బాగుపడ్డాక కూడా ఒంట్లో నిల్వలు నిండేదాకా, అంటే సాధారణంగా మరో రెండు మూడు నెలలు మాత్రలు వాడమని డాక్టర్లు చెప్పేది అందుకే. మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదు. వికారం, మలబద్ధకం ఉంటే మానేయకుండా డాక్టర్‌తో చెప్పి మాత్రగానీ, వేసుకునే వేళగానీ మార్పించుకోండి.

మనుషుల్లో ఆకలి మాటేమిటి? కెన్యాలోని బడిపిల్లలకు కొన్ని వారాల పాటు ఇనుము మాత్రలిస్తే వాళ్ల ఆకలి, ఎదుగుదల మెరుగుపడ్డాయని 1994లో ప్రచురితమైన అధ్యయనం చెబుతోంది. మన రాష్ట్రానికి ఇది చిన్న విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం, ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం రక్తహీనతతో ఉన్నారు. ‘మావాడు అన్నం తినడు’ అని వాపోయే తల్లుల్లో సగం మందైనా ఒకసారి పిల్లాడి హిమోగ్లోబిన్ చూపిస్తే బాగుంటుంది.

ఉద్దానంలో లెక్క మారుతుంది

ఇంతవరకూ చెప్పింది ఇనుము లోపం కథ. కిడ్నీ దెబ్బతిన్నప్పుడు కథ వేరు. రక్తకణాలను తయారు చేయమని ఎముక మజ్జకు కబురు పంపేది ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్. దాన్ని ఎక్కువగా తయారు చేసేది కిడ్నీలే. కిడ్నీ పాడైతే ఆ కబురు తగ్గిపోతుంది. కొట్లో సరుకున్నా వంట మొదలు పెట్టమని చెప్పేవాళ్లు ఉండరు.

దీన్ని తేల్చడానికి గొర్రెలు సాయపడ్డాయి. ఒకప్పుడు కిడ్నీ రోగుల రక్తంలో పేరుకున్న విషపదార్థాలే మజ్జను అడ్డుకుంటున్నాయని, హార్మోన్ ఇచ్చినా లాభం ఉండదని చాలామంది అనుకునేవారు. అమెరికాలోని సియాటిల్‌లో జోసెఫ్ ఎష్‌బాక్ బృందం కిడ్నీలు దెబ్బతిన్న గొర్రెలకు ఈ హార్మోన్ పుష్కలంగా ఉన్న ప్లాస్మా ఎక్కించింది. అవి ఆరోగ్యమైన గొర్రెల్లాగే రక్తం తయారు చేసుకున్నాయి. 1984లో ఆ ఫలితం వెలువడింది. 1987లో డయాలసిస్ రోగుల మీద జరిపిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. పదేపదే రక్తం ఎక్కించుకుంటే తప్ప లేవలేని వాళ్లు ఆ అవసరం లేకుండా తిరగగలిగారు. ఇవాళ మన డయాలసిస్ కేంద్రాల్లో ఇచ్చే ‘రక్తం పెరిగే ఇంజెక్షన్’ ఇదే. ఈ హార్మోన్‌ను ఒంట్లోనే పెంచే డెసిడుస్టాట్ మాత్రకు మన దేశంలో 2022లో అనుమతి వచ్చింది.

ఇంకో చిక్కు ఉంది. హెప్సిడిన్ అనే పదార్థం ఒంట్లోని ఇనుముకు తాళం లాంటిది. కిడ్నీ జబ్బులో అది పెరుగుతుంది. అప్పుడు నోటితో వేసుకున్న మాత్రలోని ఇనుము పేగు దాటి రక్తంలోకి సరిగా రాదు, నిల్వ ఉన్న ఇనుమూ బయటికి రాదు. అందుకే కొందరికి ఇనుమును సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. ‘ఆరు నెలల నుంచి మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగడం లేదు’ అని ఎవరైనా అంటే, మాత్ర కంపెనీని మార్చడం కాదు, కిడ్నీ పరీక్ష చేయించడం ముందు పని.

హిమోగ్లోబిన్ పెరిగితే ఆకలి మొత్తం తిరిగి వస్తుందా? అన్నిసార్లూ రాదు. 2005లో చుంచెలుకల మీద జరిగిన ప్రయోగం కారణం చూపింది. కిడ్నీలో ఎక్కువ భాగం తీసేసిన చుంచెలుకలు తిండి తగ్గించాయి, కండ కరిగింది, అయినా ఒంట్లో శక్తి ఖర్చు మాత్రం పెరిగింది. ‘ఇక చాలు’ అని మెదడుకు చెప్పే లెప్టిన్ కబురును అందుకోలేని చుంచెలుకల్లో ఈ నష్టం అంతగా కనిపించలేదు. అంటే జబ్బుపడ్డ కిడ్నీ, కడుపు ఖాళీగా ఉన్నా మెదడుకు నిండిందనే భ్రమ కలిగిస్తుంది. దీనికి తోడు రక్తంలో పెరిగే యూరియా, ఆమ్లం నోటిని చేదు చేస్తాయి. అలాంటి మనిషిని ‘నోరు కట్టుకున్నావా’ అని కోప్పడితే ఏం లాభం? మొండితనం ఆయనది కాదు, జబ్బుది.

జంతువుల మాట ఎంతవరకు నమ్మాలి?

ఎలుక మనిషి కాదు. ఈ జాగ్రత్త మన దేశంలోనే ఒక డాక్టరమ్మకు అనుభవంలోకి వచ్చింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయిలో మిల్లు కార్మికుల ఇళ్లలోని గర్భిణుల రక్తహీనతపై పరిశోధన చేశారు. ఆ పేదలు తినే తిండే ఎలుకలకు పెట్టారు, వాటికీ రక్తహీనత వచ్చింది. తీరా చూస్తే కొంత కారణం తిండి కాదు, పేలు మోసుకొచ్చిన ఇన్‌ఫెక్షన్! ఆమె కోతుల మీద మళ్లీ మొదలుపెట్టి, ఈస్ట్ సారంలోని ఏదో పదార్థం ఈ రక్తహీనతను నయం చేస్తుందని తేల్చారు. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1945లో కృత్రిమంగా తయారు చేసిన లెడర్లీ సంస్థ పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఇవాళ గర్భిణులకిచ్చే ఐరన్, ఫోలిక్ మాత్రలో సగం కథ ఇదే.

జంతువులు దారి చూపిస్తాయి. మోతాదు తేల్చాల్సింది మాత్రం మనుషుల మీద జరిగిన పరీక్షలే. కిడ్నీ రోగుల హిమోగ్లోబిన్‌ను పూర్తి మామూలు స్థాయికి, 13 దాటేలా పెంచితే ఇంకా మంచిదనుకున్నారు. 2006 తర్వాత వచ్చిన పెద్ద పరీక్షల్లో అలా పెంచిన వారికి మేలు జరగకపోగా, గుండె జబ్బు, పక్షవాతం ముప్పు కనిపించింది. అందుకే ఇంజెక్షన్ తీసుకునేవారికి సాధారణంగా 10 నుంచి 11.5 మధ్య ఉంచుతారు. ‘పక్కావిడకు 13 ఉంది, మా ఆయనకు 11 దగ్గరే ఎందుకు ఆపేశారు’ అని డాక్టర్‌తో గొడవపడకండి.

పథకంలో కనిపించని నాన్న

ఇక్కడ పాలకులు చూడాల్సిన సంగతి ఒకటుంది. 2018లో కేంద్రం మొదలుపెట్టిన ‘అనీమియా ముక్త్ భారత్’ పిల్లలు, కిశోర వయసువారు, గర్భిణులు, బాలింతలు, పిల్లలు కనే వయసు మహిళల కోసం. అది సబబే, భారం ఎక్కువగా వాళ్లమీదే ఉంది. కానీ ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువగా పట్టుకునేది తోటల్లో, పొలాల్లో పనిచేసే నడివయసు మగవాళ్లను. వాళ్లు ఈ పథకం లెక్కలో లేరు. అంగన్‌వాడీకి వెళ్లరు, బడికి వెళ్లరు. ఆస్పత్రికి వెళ్లేది ఇక నడవలేనప్పుడే.

ఈ ఏడు మండలాలకు ప్రత్యేకంగా ఒక పని చేయవచ్చు. ఎక్కడ హిమోగ్లోబిన్ పరీక్ష జరిగినా, అదే రక్తంతో క్రియాటినిన్ కూడా చూడాలి. ఎక్కడ క్రియాటినిన్ చూసినా హిమోగ్లోబిన్ కూడా రాయాలి. రెండు అంకెలూ ఒకే కాగితం మీద ఉండాలి. పరీక్షతో పాటు బరువు తూచి, ‘ఆకలి ఎలా ఉంది?’ అనే ఒక్క ప్రశ్న అడిగి రాసుకోవాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. ఊళ్లోని విలేజ్ క్లినిక్, ఆశా కార్యకర్త చాలు. డయాలసిస్ దాకా రాని రోగులకు కూడా రక్తం పెరిగే ఇంజెక్షన్, నరానికిచ్చే ఇనుము తప్పకుండా అందాలి. రోగి దశను బట్టి ఏం తినాలో చెప్పే పోషకాహార నిపుణులు ఉండాలి.

మీరు ఇంట్లో చేయాల్సినవి

ఆకలి మందగించి రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా టానిక్కుతో ఆగకండి. పూర్తి రక్తపరీక్ష, ఫెరిటిన్, క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ మహిళల్లో 12, మగవాళ్లలో 13, గర్భిణుల్లో 11 కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క.

క్రియాటినిన్ ‘నార్మల్’ అని చీటీలో ఉన్నా, ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగండి. బక్కపలచని వాళ్లలో, కండ కరిగిన వాళ్లలో కిడ్నీ పాడైనా క్రియాటినిన్ తక్కువగానే కనిపిస్తుంది. ఉద్దానం జబ్బులో మొదట్లో కాళ్ల వాపు, బీపీ, మూత్రంలో ప్రొటీన్ కనిపించకపోవచ్చు. వాపు లేదు కదా అని ధైర్యపడకండి.

కిడ్నీ బాగుండి ఇనుము మాత్రమే తక్కువైతే తోటకూర, మునగాకు, చోడి అంబలి, నువ్వులు, గుడ్లు, చేపలు, మాంసం తినాలి. పక్కన నిమ్మకాయ పిండుకోవాలి. భోజనంతో పాటే టీ తాగొద్దు, గంటైనా ఆగాలి. మాత్ర అవసరమైన వాళ్లకు ఆకుకూరలొక్కటే సరిపోవు.

కిడ్నీ జబ్బు తేలితే ఈ జాబితానే గుడ్డిగా పాటించకండి. జబ్బు ముదిరిన వాళ్లకు పొటాషియం ప్రమాదం. మనం నీరసమనగానే ఇచ్చే కొబ్బరి బొండాంలో అది ఎక్కువ. చెట్టు మన పెరట్లోదే అయినా డాక్టర్‌ను అడిగే ఇవ్వండి. మాంసకృత్తులు కూడా డయాలసిస్‌కు ముందు ఒకలా, మొదలయ్యాక మరోలా తీసుకోవాలి. ఒకరికి రాసిన పథ్యం ఇంకొకరికి పనికిరాదు.

ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు మానండి. కిడ్నీకి అవి చేసే చేటు ఎక్కువ. పేరు తెలియని ఆకు మందులు, భస్మాలు కూడా వద్దు.

సయించని మనిషికి పెద్ద కంచం పెట్టి ఎదురుగా కూర్చోకండి. కొంచెం కొంచెంగా, నాలుగైదు సార్లు, వాసన తక్కువుండేలా చల్లార్చి పెట్టండి. ఏం తిన్నారో, బరువెంతో వారానికోసారి ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆస్పత్రికి వెళ్లినప్పుడు మందుల చీటీలతో పాటు ఆ పుస్తకం కూడా తీసుకెళ్లండి. ‘బాగానే తింటున్నాను డాక్టర్‌గారూ’ అని ఆయన మొహమాటానికి చెప్పినా, పుస్తకం నిజం చెబుతుంది.